గిఫ్టు కాగితంలో శేషారత్నం

మా గ్రంథాలయ శాఖ సాహిత్యంలో వెనకబడి ఉందని అధికారికంగా తేలింది వార్షిక సమావేశంలో. భోజనాలయ్యాయి. గుత్తి వంకాయ బాగా కుదరడంతో సగం మంది కునుకు తీస్తున్నారు. వేదిక మీదున్న పెద్దాయన మైకు అందుకుని, మొదటి వరుసలో తల వాల్చేసిన ఒక గ్రంథపాలకుణ్ణి లేపి, "ఈ నెలలో వెలువడిన కొత్త నవల ఒక్కటి చెప్పండి" అన్నారు. అతను నిద్రమత్తులో ఒక పేరు చెప్పాడు. అది మూడేళ్ల కిందటి నవల. చెప్పి ఊరుకోక, చాలా బాగుంటుందని కూడా అన్నాడు. సభ యావత్తూ సిగ్గుతో తల దించుకుంది. ఆ పెద్దాయనకు తెలిసిన కొత్త నవల పేరేమిటని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నెల తిరక్కుండా సాహిత్య సమకాలీనతా మండలి ఏర్పడింది. ఆ పెద్దాయనే చైర్మన్. మా ప్రాంతానికి దక్షిణామూర్తిగారని ఒక సమకాలీనతాధికారిని వేశారు. అంతకుముందు ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. మొదటి ఉత్తర్వు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. "ఇందుమూలముగా సమస్త శాఖా గ్రంథాలయముల వారికి తెలియజేయునది ఏమనగా, పాఠకులు తమ కాలము కంటె వెనుకబడి యుండుట మండలి దృష్టికి వచ్చినది. సదరు వెనుకబాటును ఇకమీదట ద్వారము వద్దనే నిలుపుదల చేయవలెను."

నిలుపుదల చేయడం ఎలాగో తర్వాతి పేజీలో ఉంది. రోజూ పొద్దున్నే మా ఫోన్లకు 'నేటి సాహిత్య విశేషాలు' వస్తాయి. గ్రంథాలయం గుమ్మం దగ్గర గ్రంథపాలకుణ్ణైన నేను కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వచ్చిన ప్రతి పాఠకుణ్ణీ ఆ విశేషాల్లోంచి ఒక ప్రశ్న అడగాలి. జవాబు చెప్తే లోపలికి, లేకపోతే ఇంటికి. దీని పేరు ద్వార ప్రశ్న. నేను వాళ్లను నిజంగా అడుగుతున్నానో లేదో చూడ్డానికి గుమ్మం మీద ఒక కెమెరా కూడా బిగించారు. లోపల పుస్తకాల గదిలో వాన కురిసే చోట రేకు మార్చమని నేను పెట్టిన అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది.

విశేషాల్లో అన్నీ ఉండేవి. ఎక్కడ ఏ పుస్తకం ఆవిష్కరించారు, ఎవరు అధ్యక్షత వహించారు, ఏ పురస్కారం ఎవరికి వచ్చింది, తమకు రానందుకు ఎవరు అలిగారు, అలిగినవారిని బుజ్జగించడానికి ఇంకో పురస్కారం ఎప్పుడు పెడుతున్నారు. పుస్తకంలో ఏముందో మాత్రం ఉండేది కాదు. ఉండబట్టలేక ఒకసారి ఫోన్ చేసి అడిగాను.

"అది వార్త కాదండీ, విషయం," అన్నారు దక్షిణామూర్తిగారు. "మన పరిధి వార్త వరకే. విషయంలోకి వెళ్తే ఎక్కడో ఒకచోట అభిప్రాయం కూడా ఏర్పడే ప్రమాదం ఉంది."

ఈ ద్వార ప్రశ్నకు మొదటిరోజే చిక్కినావిడ గౌరీపార్వతి.

ఆవిడ సంత పక్కనున్న సినిమా హాల్లో టికెట్లు ఇస్తుంది. మ్యాట్నీ మొదలయ్యాక కౌంటరు మూసేసి, మళ్లీ ఫస్ట్ షోకి తెరిచే దాకా మా దగ్గరకొచ్చి కిటికీ పక్క బల్ల మీద కూర్చుని చదువుకుంటుంది. కొన్ని నెలలుగా 'పడమటి లాకులు' అనే లావుపాటి నవలతో కుస్తీ పడుతోంది. అది రాసినాయన పోయి చాలాకాలమైంది. పుస్తకం మళ్లీ అచ్చు కాలేదు. మా దగ్గర ఉన్నది ఒక్క ప్రతే కాబట్టి ఇంటికి ఇవ్వకూడదు. చదివినంతా చదివి, వెళ్లేటప్పుడు పేజీలో సినిమా టికెట్ ముక్క పెట్టి నా చేతికిచ్చి, ఆ రోజు కథ ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్లేది. నేను ఆ నవల చదవలేదు. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి తీపి మీద మనసు పోనట్టు, నాకు పుస్తకాల మీద మనసు విరిగి చాలా ఏళ్లయింది. కానీ ఆవిడ చెప్పే కథ కోసం మాత్రం మధ్యాహ్నం టీకి వెళ్లకుండా కూర్చునేవాణ్ణి.

కథ ఆఖరి అధ్యాయం దగ్గరికి వచ్చి ఆగింది. కాలువ మీద లాకులు కాసే లస్కరు కూతురు శేషారత్నం. వరద. తండ్రి జ్వరంతో పడున్నాడు. ఎగువన ఒక పడవ నీటి ఉరవడికి గిరగిరా తిరుగుతోంది. అందులో ఉన్నది ఆమె తండ్రి మీద దొంగతనం మోపి ఉద్యోగం ఊడబెరికించబోతున్న కంట్రాక్టరు, వాడితో పాటు వాడి పిల్లలు ఇద్దరు. లాకు తలుపు తీస్తే పడవ బతుకుతుంది, దిగువన కోతకొచ్చిన చేలు మునిగిపోతాయి. శేషారత్నం తలుపు చక్రం మీద చెయ్యి వేసింది. సరిగ్గా అక్కడ ఫస్ట్ షో వేళయింది. గౌరీపార్వతి టికెట్ ముక్క పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చేసరికి నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాను.

"నిన్న సాయంత్రం జిల్లా కేంద్రంలో జరిగిన కథాసంపుటి ఆవిష్కరణలో రచయితకు శాలువా కప్పినవారెవరు?" అని చదివాను.

ఆవిడ వెనక్కి చూసింది, ఇంకెవరినైనా అడుగుతున్నానేమోనని. "నాకేం తెలుస్తాదండి మాస్టారూ? నిన్న సాయంత్రం నేను టికెట్లిస్తన్నాను కదండి."

"తెలీకపోతే లోపలికి పంపకూడదండి. ఆర్డరు."

"నేను చదూకోడానికొచ్చానండి, శాలువాలు అమ్మడానిక్కాదు."

నేను కళ్లతో కెమెరా వైపు చూపించాను. ఆవిడ దాని వైపు చూసింది. "ఆ పిల్ల చక్రం మీద చెయ్యేసుకుని నిలబడి ఉందండి. ఎంతసేపని నిలబడుద్ది?" అని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. సిగ్గుకు రిజిస్టరులో గడి లేదు కాబట్టి 'వెనుకబడిన పాఠకురాలు, ఒకరు' అని రాసుకున్నాను.

అయితే ఆవిడ తేలిగ్గా వదిలే మనిషి కాదు. విశేషాలు ఫోన్లోకి తెప్పించుకుని, కౌంటరు దగ్గర చిల్లర ఇస్తూ ఇస్తూ బట్టీ పట్టింది. వారం తిరిగేసరికి ఏ సభలో పూలదండ ఎవరిదో, వందన సమర్పణ ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్పే స్థితికి వచ్చింది. మిగతా పాఠకులూ ఊరుకోలేదు. మా ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ వెలిసింది. 'సాహిత్య వార్తలు, గ్యారంటీ ప్రవేశం' అని బోర్డు. ఉద్యోగ ప్రకటనలు చూసుకోడానికి వచ్చే నిరుద్యోగులు అందులో చేరారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విశేషాలు వల్లె వేసి, గేటు మూసే వేళకు వచ్చి జవాబు చెప్పి, ప్రవేశం సంపాదించి, సంతోషంగా ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు.

గౌరీపార్వతి అలా ధీమాగా జవాబు చెప్పి లోపలికి అడుగుపెట్టిన రోజునే రెండో ఉత్తర్వు వచ్చింది.

పాఠకులు సమకాలీనులైతే చాలదట, పుస్తకాలు కూడా కావాలట. పుస్తకం వయసు ఆవిష్కరణ సభలో గిఫ్టు కాగితం విప్పిన క్షణం నుంచి లెక్క. తొంభై రోజులు దాటిందా, అది గతకాల సాహిత్యం. గతకాల సాహిత్యాన్ని పాఠకుల కంటపడకుండా వేరే గదిలో ఉంచి తాళం వెయ్యాలి. తాళంచెవి సమకాలీనతాధికారి దగ్గర ఉంటుంది. తూనికలు కొలతల శాఖలో అలవాటైన పనే కాబట్టి దక్షిణామూర్తిగారు స్వయంగా వచ్చి, ఒక్కొక్క పుస్తకం వెనక అట్ట మీద ముద్ర వేసి మరీ పంపించారు. మా అటెండరు సింహాచలం తోపుడు బండి మీద మోసి మోసి నడుం పట్టేసి పడుకున్నాడు. సాయంత్రానికి అరల్లో పదకొండు పుస్తకాలు మిగిలాయి. అందులో నాలుగు దక్షిణామూర్తిగారి మేనల్లుడివి.

"ఇప్పుడు చూడండీ, ఎంత హాయిగా ఉందో," అన్నారాయన ఖాళీ అరల మధ్య నిలబడి. "నవ్యత అనేది క్షేత్రస్థాయిలో కంటికి కనబడాలి."

గౌరీపార్వతి తాళం వేసిన గది తలుపు దగ్గర నిలబడి ఉంది. "సారూ, ఒక్క పది పేజీలండి. ఈ గుమ్మంలోనే నిలబడి చదివిచ్చేస్తాను."

"ఏ పుస్తకమమ్మా?"

"పడమటి లాకులండి."

"ఎప్పటిది?"

"ఎప్పటిదైతే ఏంటండి? నాకింకా అవ్వలేదు కదా. మా హాల్లో బొమ్మ ఆడతా ఉండగా క్లైమాక్సుకి కరెంటు పోతే జనం కుర్చీలు ఇరగ్గొడతారండి. నేను కుర్చీ జోలికి కూడా పోలేదు. నిలబడే అడుగుతన్నాను."

దక్షిణామూర్తిగారు చిరునవ్వు నవ్వారు. "మీ ఆసక్తి అభినందనీయం. అయితే కాలం చెల్లిన సరుకును ప్రజలకు సరఫరా చేయడం నాకు చేతకాదమ్మా. మా పాత శాఖలో దానికి కేసులు రాసేవాళ్లం." అని తాళంచెవి జేబులో వేసుకుని జీపెక్కారు.

ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. "మాస్టారూ, మీరైనా చదివుంటే చెప్పేవారు కదండి, తలుపు తీసిందో లేదో," అని మాత్రం అంది. ఆ రాత్రి నేను నిబంధనల పుస్తకం మొదటిసారి అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నా సర్వీసులో నేను పూర్తిగా చదివిన పుస్తకం అదొక్కటే. కోపం వస్తే మనిషి ఎంత పనైనా చేస్తాడు.

చదివితే దారి దొరికింది. పుస్తకం వయసు ఆవిష్కరణ నుంచి లెక్క అన్నారు గానీ, ఒకసారి ఆవిష్కరించిన పుస్తకాన్ని మళ్లీ ఆవిష్కరించకూడదని ఎక్కడా అనలేదు. పైగా ప్రతి శాఖా నెలకు నాలుగు ఆవిష్కరణలు జరిపించి తీరాలని లక్ష్యం పెట్టారు. మేము ఆ నెలలో బాగా వెనకబడి ఉన్నాం. 'పడమటి లాకులు' నవలకు పునరావిష్కరణ సభ తలపెట్టామనీ, ముఖ్య అతిథిగా తమరే రావాలనీ దక్షిణామూర్తిగారికి రాశాను. ముఖ్య అతిథి అన్న మాటకు ఎంతటి అధికారైనా మెత్తబడతాడు. సభ రోజున పుస్తకాన్ని తనే వచ్చి గదిలోంచి తీసిచ్చారు. నేను ఆయన ఎదుటే మెరుపు కాగితంలో చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, వేదిక మీద పెట్టాను. సభ అయ్యాక తొంభై రోజులు అది కొత్త పుస్తకమే, ఆ పది పేజీలు చదవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

గౌరీపార్వతి ఆ రోజు మ్యాట్నీకి సెలవు పెట్టి, జడలో కనకాంబరాలు పెట్టుకుని మొదటి వరుసలో కూర్చుంది. దక్షిణామూర్తిగారు మాట్లాడారు. ఈ నవలలో ఒక తపన ఉందన్నారు. యువ రచయిత మున్ముందు ఇంకా ఎన్నో రాయాలన్నారు. రచయిత ఎప్పుడో పోయారని సింహాచలం చీటీ అందిస్తే, అది చూసి, ఆ లోటు తర్వాతి ముద్రణలో సవరించుకుంటారని ఆశిస్తున్నానన్నారు. చప్పట్లు మోగాయి. నేను పళ్లెంలో కత్తెర పెట్టి అందించాను. ఆయన రిబ్బను పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు రెడీ అన్నాడు. అప్పుడు ఆయన ఆగిపోయారు.

కత్తెర గాల్లో ఉంది. ఆయన ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది. అధికారులకు ఆలోచన రావడం నేను దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు.

"మిత్రులారా," అన్నారు మైకులో. "విప్పితే ఏమవుతుంది? విప్పిన క్షణం నుంచి పుస్తకం పాతబడటం మొదలవుతుంది. తొంభై రోజుల్లో మళ్లీ గది, మళ్లీ తాళం. మరి విప్పకపోతే?" అని సభనంతా కలియజూశారు. "విప్పకపోతే ఎన్నటికీ పాతబడదు. శాశ్వత నవ్యత. ఈ పుస్తకాన్ని ఇలాగే, ఈ కాగితంలోనే జాతికి అంకితం చేస్తున్నాను."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గౌరీపార్వతి ఒక్కతీ కూర్చునే ఉంది.

వారం తిరక్కుండా మూడో ఉత్తర్వు వచ్చింది. గ్రంథాలయాల్లోని సమస్త పుస్తకాలనూ గిఫ్టు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, అరల్లో పెట్టాలి. పాతవైనా సరే, చుడితే కొత్తవే. తాళం గది ఖాళీ అయిపోయింది. పై అర నుంచి కింది అర దాకా తళతళలాడుతూ మా లైబ్రరీ పెళ్లివారి విడిది లాగా తయారైంది. పుస్తకాలు ఇళ్లకు కూడా ఇచ్చేవాళ్లం, ఒక్క ప్రతే ఉన్నవి తప్ప. విప్పకుండా తిరిగి తేవాలి, అంతే.

చెప్తే నమ్మరు గానీ, పాఠకులు పెరిగారు. "గులాబీరంగు కాగితంలో ఉన్నది ఇప్పించండి, నీలంది మావాడు పోయిన వారం తెచ్చాడు" అని అడిగేవాళ్లు. తిరిగి ఇచ్చేటప్పుడు చాలా బాగుందనేవాళ్లు. సమీక్షలు ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి. లోపల ఏముందో తెలియకపోవడం వల్ల విమర్శ నిష్పక్షపాతంగా మారిందని పత్రికలు రాశాయి. ఒక కవితా సంపుటి ప్రెస్సు నుంచి వేళకు రాకపోతే సింహాచలం రైళ్ల టైం టేబుల్ చుట్టి పెట్టాడు. ముఖ్య అతిథి దాన్ని గుండెకు హత్తుకుని, ఈ కవిలో జీవితపు నిరీక్షణ ఉందని ముప్పావుగంట మాట్లాడి కళ్లు తుడుచుకున్నారు. ఆ సంపుటికి రెండు పురస్కారాలు వచ్చాయి. అలిగినవారి కోసం మూడోది పెట్టారు.

గౌరీపార్వతి రోజూ వచ్చేది. ద్వార ప్రశ్నకు జవాబు చెప్పి, వెళ్లి ఆ ఎర్ర రిబ్బను కట్ట ఎదురుగా కూర్చునేది. దాని మీద కూడా కెమెరా పెట్టారు, ఇక అది చారిత్రక ప్రతి కదా. ఒకరోజు అడిగింది: "మాస్టారూ, నా టికెట్ ముక్క లోపలే ఉండుద్దాండి?"

"ఉంటుందండి. నేనే చుట్టాను. తియ్యలేదు."

"అయితే చాల్లెండి," అంది. ఆ చాల్లెండి వింటే నాకు ఉద్యోగం మీద విరక్తి పుట్టింది. అయినా నెలాఖరున జీతం తీసుకున్నాను.

మా శాఖకు నూటికి నూరు శాతం నవ్యత పురస్కారం ప్రకటించారు. ఇవ్వడానికి సాక్షాత్తూ చైర్మన్‌గారే వస్తున్నారు. దాంతో పాటు మండలి మొత్తానికి ఉత్తమ సమకాలీన పాఠకుడికి సత్కారం. మొదటి వారం పక్కన పెడితే, ద్వార ప్రశ్నకు ఒక్కనాడూ తప్పకుండా సరైన జవాబు చెప్పింది ఎవరో కెమెరా రికార్డులు చూసి తేల్చారు. గౌరీపార్వతి. ఆరునెలలుగా ఒక్క పేజీ కూడా చదవని మనిషి ఉత్తమ పాఠకురాలైంది. ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు, అప్పటికి నా కళ్లు అలవాటు పడిపోయాయి.

సభ మా లైబ్రరీ ఆవరణలోనే. షామియానా వేశారు. చైర్మన్‌గారు చాలాసేపు మాట్లాడారు. "పుస్తకాన్ని చదివిన జాతి ఒక్కసారే ముందుకు పోతుంది. పుస్తకం కోసం ఎదురుచూసే జాతి ఎప్పుడూ ముందుకు పోతూనే ఉంటుంది" అన్నారు. దక్షిణామూర్తిగారు ఆ వాక్యాన్ని రాసుకున్నారు. తర్వాత గౌరీపార్వతిని వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఫొటో కోసం శాశ్వత నవ్యతకు తొలి చిహ్నమైన ఆ ఎర్ర రిబ్బను కట్టను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టారు. "ఛాతీ దగ్గరకు పట్టుకోండమ్మా, ఇటు చూడండి, నవ్వండి. ఫొటో అయ్యాక వెనక్కి ఇచ్చెయ్యాలి," అన్నారు దక్షిణామూర్తిగారు పక్కనుంచి.

ఆవిడ నవ్వలేదు. కట్టను తిప్పి చూసింది, సినిమా హాల్లో నోటును వెలుతురుకు పెట్టి చూసినట్టు. తర్వాత రిబ్బను ముడి పట్టి లాగింది.

కాగితం చిరిగిన చప్పుడు మైకులో పెద్దగా వినిపించింది. చైర్మన్‌గారు చప్పట్లు కొట్టబోయి ఆగారు. కత్తెర లేదు, పళ్లెం లేదు, ముఖ్య అతిథి చెయ్యి లేదు. ఎవరు ఎవరిని ఆపాలో నిబంధనల్లో లేదు. గౌరీపార్వతి టికెట్ ముక్క ఉన్న పేజీ తీసి, ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది. అది చైర్మన్‌గారి కుర్చీ, ఆయన ఫొటో కోసం లేచారు.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు చైర్మన్‌గారు.

"చదూకుంటన్నానండి," అంది తల ఎత్తకుండా.

వేదిక మీద పెద్దలంతా ఆవిడ చుట్టూ నిలబడిపోయారు. వాళ్లలో చాలామంది, చదువుతున్న మనిషిని అంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్లో అయినట్టుంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఒక పేజీ దగ్గర ఆగి, శాలువా కొసతో ముఖం తుడుచుకుని, మళ్లీ చదివింది. జనంలో ఒక్కరూ లేవలేదు. కోచింగ్ సెంటరు కుర్రాడొకడు లేవబోతే పక్కవాడు చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. నేను వేదిక కింద నిలబడి, ఆ చక్రం మీద చెయ్యి కదిలిందో లేదో ఆవిడ ముఖంలో వెతుక్కుంటున్నాను. నాకు తెలియకుండానే రెండు చేతులూ బిగపట్టుకున్నాను.

చదవడం అయిపోయింది. పుస్తకం మూసింది. శాలువా తీసి చైర్మన్‌గారి కుర్చీ మీద మడిచి పెట్టి, మెట్లు దిగి వచ్చి పుస్తకం నా చేతికిచ్చింది.

"తీసిందాండి?" అన్నాను.

గౌరీపార్వతి నన్ను కొంచెం జాలిగా చూసింది. "క్లైమాక్సు చెప్పకూడదండి మాస్టారూ. మా హాల్లో అదే రూలు. మీరు చదూకోండి," అని ఫస్ట్ షోకి వెళ్లిపోయింది.

మర్నాడే నాకు మెమో వచ్చింది. "సదరు గ్రంథమును ముఖ్య అతిథి ప్రమేయము లేకుండ, చదువు దురుద్దేశముతో తెరచుటకు తాము ఏల అనుమతించితిరో వారము దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను" అని ఉంది. నిబంధనల ప్రకారం చూస్తే, కాగితం విప్పారు కాబట్టి అది ఇప్పుడు కొత్తగా ఆవిష్కరించిన పుస్తకం. తొంభై రోజులు దాన్ని అరలోంచి కదిలించే అధికారం దక్షిణామూర్తిగారికి కూడా లేదు.

గుమ్మంలో కుర్చీ లోపలికి తెచ్చి కిటికీ పక్కన వేసుకున్నాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. శేషారత్నం ఇంకా చిన్నపిల్ల, తండ్రి భుజాల మీద కూర్చుని లాకుల్లో పడవలు లెక్కపెడుతోంది. సంజాయిషీ ఆలస్యమవుతుందని పైకి రాసేశాను. ఆ పిల్ల తలుపు తీసిందో లేదో తేలాక పంపుకుంటాను.